బిల్డర్ దగ్గర ఉద్యోగం పోయింది, తిరుపతిలోనే ఆగాలా, ఊరు మారాలా?

పాకాల సివిల్ అడిగారు:

అందరికీ నమస్కారం. డిప్లొమా సివిల్ చేసి పదేళ్లు దాటింది. మొదట్లో కొన్నాళ్లు చెన్నైలో చేశాను, తర్వాత ఆరేళ్లుగా తిరుపతిలో ఒక అపార్ట్‌మెంట్ బిల్డర్ దగ్గర సైట్ ఇంజినీర్‌ని. పోయిన నెల మాన్పించేశారు. కంపెనీ పేరు ఇక్కడ రాయను, రావలసిన జీతం ఇంకా రాలేదు.

కారణం అందరికీ తెలిసిందే, ఫ్లాట్లు కదలడం లేదు. ఇంతకుముందు మా దగ్గర పునాదులు తీసే టైముకే సగం ఫ్లాట్లకి అడ్వాన్సులు వచ్చేవి, ఆ డబ్బుతోనే స్లాబులు పడేవి. ఇప్పుడు చూడడానికి వచ్చినవాళ్లు అంతా తిరిగి చూసి, ఇంట్లో మాట్లాడి చెప్తామని వెళ్లిపోతున్నారు, మళ్లీ ఫోను ఎత్తరు. స్వామి దగ్గర ఒక ఫ్లాటు ఉంటే బాగుంటుందని బెంగళూరు నుంచీ చెన్నై నుంచీ వచ్చి కొనేవాళ్లు కూడా తగ్గిపోయారు. మా సైటులో నాలుగో స్లాబు పడింది, కింది రెండు అంతస్తుల్లో గోడలు లింటెల్ (తలుపులు, కిటికీల పై దిమ్మె) దాకా లేచి ఆగిపోయాయి. పైకి వదిలిన కాలమ్ కమ్మీలు తుప్పు పడతాయని వాటికి సిమెంటు పాలు కొట్టించమన్నారు, అక్కడ నేను చేయించిన చివరి పని అదే. కమ్మీలకు సిమెంటు పాలు కొట్టమన్నారంటే ఐదో స్లాబు ఇప్పట్లో లేదని పని తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది, మా మేస్త్రీకి నాకంటే ముందే అర్థమై వేరే సైటు వెతుక్కున్నాడు.

ముందు సేల్స్ పిల్లల్ని తీసేశారు, తర్వాత సూపర్‌వైజర్లని, చివరికి ఇద్దరు ఇంజినీర్లలో నన్ను. కాగితం ఏమీ ఇవ్వలేదు, అకౌంటెంటు పిలిచి "మార్కెట్ లేచాక మళ్లీ పిలుస్తాం" అన్నాడు. రెండు నెలల జీతం బాకీ ఉంది.

ఇంట్లో నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, ఆమె జీతం బైరాగిపట్టెడలో ఇంటి అద్దెకీ సరుకులకీ సరిపోతుంది, అంతే. పెద్దవాడు ఆరో తరగతి. అమ్మ మందులు, గోల్డ్ లోను వడ్డీ, ఇవన్నీ నా మీదే. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, టెన్షన్‌తో పిల్లల మీద అరుస్తున్నాను, అది ఇంకా బాధగా ఉంది.

నాకు తెలిసిన బిల్డర్లందరినీ అడిగాను, అందరిదీ ఒకటే మాట, ఉన్నవాళ్లకే జీతాలు కష్టంగా ఉందంటున్నారు. మళ్లీ పిలుస్తారేమోనని కొన్నాళ్లు ఆగాలా? బెంగళూరు వెళ్లిపోవాలా? కొందరు తడ దగ్గర ఫ్యాక్టరీలున్న శ్రీసిటీ అంటున్నారు, అక్కడ సివిల్ వాళ్లకి ఏం పని ఉంటుంది? బాకీ జీతం, పీఎఫ్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

రేణిగుంట బిల్లింగ్:

తమ్ముడూ, నువ్వు అడిగినవాళ్లంతా బిల్డర్లే, అందుకే అందరూ ఒకటే చెప్పారు. అమ్మడానికి కట్టే పనులు ఆగాయి, వాడుకోవడానికి కట్టే పనులు ఆగలేదు. ఈ తేడా పట్టుకుంటే నీ వెతుకులాట సగం తేలికవుతుంది. అపార్ట్‌మెంటుకి డబ్బు కొనేవాడి జేబులోంచి రావాలి, వాడు భయపడి జేబు మూసుకుంటే సైటు మూతపడుతుంది. కాలేజీ బిల్డింగు, ఫ్యాక్టరీ షెడ్డు, రోడ్డు, రైల్వే లైను, వీటికి డబ్బు వేరేచోట నుంచి వస్తుంది, ఫ్లాటు ధర పెరిగిందా తగ్గిందా అన్నది వాటికి పట్టదు.

మన చుట్టుపక్కలే చూడు. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది, 2025 మే నెలలో కేంద్రం ఐదు ఐఐటీల విస్తరణకి రూ.11,828 కోట్ల పైన మంజూరు చేసింది, అందులో తిరుపతి ఒకటి, ఆ పనులు 2028-29 వరకు అని చెప్పారు. తిరుపతి, పాకాల, కాట్పాడి రైల్వే లైను డబ్లింగు, అంటే పక్కన రెండో లైను, 104 కిలోమీటర్లకి 2025 ఏప్రిల్‌లో ఆమోదం వచ్చింది, అది మీ ఊరి మీదుగానే పోతుంది. చెన్నై, బెంగళూరు ఎక్స్‌ప్రెస్ వే చిత్తూరు జిల్లాలోంచి వెళ్తోంది. శ్రీసిటీలో ఎల్‌జీ ఫ్యాక్టరీకి 2025 మే నెలలో శంకుస్థాపన చేశారు. అయితే ఆమోదం వచ్చిందని పేపర్లో పడిన మరుసటి రోజే సైటులో ఉద్యోగాలు పుట్టవు, టెండరు అయి, భూమి చేతికొచ్చి, కాంట్రాక్టరు క్యాంపు వేశాకే మనలాంటి వాళ్లని తీసుకుంటారు. కాబట్టి పేపరు చూసి ఆశపడొద్దు, క్యాంపు పడిందా లేదా వెళ్లి చూడు.

ఇంకో విషయం, ప్రభుత్వ టెండర్లలో పని విలువను బట్టి ఇంతమంది డిగ్రీ ఇంజినీర్లు, ఇంతమంది డిప్లొమా ఇంజినీర్లు సైటులో ఉండాలని షరతు పెడతారు, లేకపోతే కాంట్రాక్టరు బిల్లులో కోత పడుతుంది. నీ సర్టిఫికెట్టుకి అక్కడ విలువ ఉంది. కష్టం ఒకటి ఉంది, అది కూడా చెప్పాలి, ప్రభుత్వం నుంచి బిల్లు ఆలస్యమైతే చిన్న కాంట్రాక్టరు దగ్గర జీతం కూడా ఆలస్యమవుతుంది. అందుకని చేరేముందు అక్కడ పనిచేసేవాళ్లని, ఆఫీసులో కాదు, బయట టీ కొట్టు దగ్గర అడుగు, పోయిన నెల జీతం ఎప్పుడు పడిందని.

ఏ సైటు నడుస్తోంది ఎలా తెలుస్తుందంటే, నన్నడిగితే జాబ్ సైట్ల కంటే ముందు కాంక్రీటు కలిపి సైట్లకి పంపే రెడీమిక్స్ ప్లాంటుకి వెళ్లు. అక్కడ డిస్పాచ్ చూసే కుర్రాడికి తెలిసినంత ఎవరికీ తెలీదు, ఈ వారం ఏ సైటుకి ఎన్ని క్యూబిక్ మీటర్లు పోతోంది, ఎవరు ఆర్డరు ఇచ్చి వాయిదా వేశారు, అన్నీ వాడి దగ్గర ఉంటాయి. తర్వాత స్టీలు షాపు. ఎవరికి అప్పు మీద కమ్మీలు ఇస్తున్నారు, ఎవరికి ముందు డబ్బు కడితేనే లారీ దింపుతున్నారు అన్నది స్టీలు షాపు ఆయన చెప్పాడంటే, ఆ కంపెనీ జీతాలు ఇస్తుందో లేదో నీకు తెలిసిపోయినట్టే. ఆరేళ్లు సైటు నడిపావు, వీళ్లంతా నీకు తెలిసినవాళ్లే, ఇన్నాళ్లు నువ్వే వాళ్లకి ఆర్డర్లు ఇచ్చావు. వెళ్లి అడగడానికి మొహమాటపడొద్దు.

కొత్త బిల్డరు ఎవరైనా రమ్మంటే మాత్రం ముందు ఏపీ రెరా, అంటే బిల్డర్ల ప్రాజెక్టులు రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ, దాని వెబ్‌సైటులో ఆ ప్రాజెక్టు చూడు. పని ఎంతవరకు వచ్చింది, ఎన్ని బుక్ అయ్యాయి అన్నది మూడు నెలలకోసారి వాళ్లు అక్కడ పెట్టాలి. కొనేవాళ్ల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టుకే వేరే ఖాతాలో ఉంచాలన్నది కూడా రెరా చట్టంలోనే ఉంది. వివరాలు ఏడాదిగా మార్చకుండా వదిలేసిన ప్రాజెక్టు అయితే దాని జోలికి పోకు.

చిత్తూరు పీఎఫ్ లెక్కలు:

అన్నా, నేను చిత్తూరులో చిన్న కంపెనీలకి పీఎఫ్, ఈఎస్‌ఐ రిటర్నులు వేస్తుంటాను. మీ బాకీల సంగతి నేను చెప్తాను, ఉద్యోగం గురించి పైన అన్న చెప్పింది నాకంటే బాగా ఉంది.

మొదట కాగితం. "మార్కెట్ లేచాక పిలుస్తాం" అన్న మాట ఎక్కడా పనికిరాదు. మీరే ఒక మెయిలు పెట్టండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. ఫలానా తేదీ నుంచి పనిలోకి రావద్దన్నారు, ఫలానా నెలల జీతం రావాలి, రిలీవింగ్ లెటరు, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్టు ఇవ్వండి, అని గొడవ లేకుండా మర్యాదగా నాలుగు వాక్యాలు చాలు. వాళ్లు జవాబు ఇవ్వకపోయినా మీరు అడిగినట్టు రుజువు ఉంటుంది. సైటులో అటెండెన్సు పెట్టిన వాట్సాప్ గ్రూపు ఉంటే అందులోంచి బయటికి రావద్దు, వాళ్లు తీసేసేలోపే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ ప్రకారం మనిషిని తీసేసినా, తనే మానేసినా రెండు పనిదినాల్లోగా రావలసిన జీతం ఇచ్చేయాలి. ఇది ఇంజినీరుకీ వర్తిస్తుంది, కూలీకీ వర్తిస్తుంది. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో క్లెయిము వేయొచ్చు, మూడేళ్ల దాకా గడువు ఉంది. గడువు ఉందని మూడేళ్లు ఆగకండి, కంపెనీ చేతిలో నాలుగు రూపాయలు ఉన్నప్పుడే అడగాలి.

తీసేసినందుకు పరిహారం, అంటే ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన ఇచ్చేది, అది వర్కర్లకే. టెక్నికల్ పని చేసేవాళ్లు వర్కరు కిందికే వస్తారు, కానీ సూపర్‌వైజరు హోదాలో ఉండి నెలకి 18 వేలు దాటితే రారు. సైట్ ఇంజినీరు రెండు పనులూ చేస్తాడు కాబట్టి మీ విషయంలో వాదన నడుస్తుంది, ఒక లేబర్ లాయరుకి చూపించి అడగండి.

గ్రాట్యుటీలో, అంటే ఏళ్ల తరబడి చేసి మానేవాళ్లకి ఇచ్చే మొత్తంలో, మాత్రం వాదన లేదు. పదిమంది, ఆపైన పనిచేసే సంస్థ, మీరు ఐదేళ్లు దాటి చేశారు, ఇవ్వాల్సిందే. లెక్క ఇలా ఉంటుంది, చివరి బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. ఉదాహరణకి బేసిక్, డీఏ కలిపి 18 వేలు అనుకుంటే ఆరేళ్లకి 62 వేల పైచిలుకు వస్తుంది. చాలామంది అడగనే అడగరు, వాళ్లూ ఇవ్వరు. రాతపూర్వకంగా అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి.

పీఎఫ్ పాస్‌బుక్ ఈరోజే తెరిచి చూడండి. జీతంలో కోసింది ప్రతి నెలా జమ అయిందా లేదా, ఇది ముఖ్యం. ఇబ్బందుల్లో పడ్డ కంపెనీ మొట్టమొదట ఎగ్గొట్టేది పీఎఫ్ చలానాయే, నా అనుభవంలో అదే చూశాను. జమ కాకపోతే ఈపీఎఫ్ఐజీఎంఎస్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి, జీతం స్లిప్పు జత చేయండి. ఎగ్జిట్ డేటు, అంటే ఉద్యోగం మానిన తేదీ, వాళ్లు వేయకపోతే, చివరి జమ అయిన రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు. ఉద్యోగం పోయాక బ్యాలెన్సులో 75 శాతం దాకా తీసుకునే వీలుంది, కానీ మొత్తం ఊడ్చేయకండి. చెన్నైలో చేసినప్పటి పీఎఫ్ నంబరు వేరేగా ఉంటే దాన్ని ఇప్పటి యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) లోకి మార్పించుకోండి, ఆ సర్వీసు కలిస్తే పదేళ్లు పూర్తవుతాయేమో చూడండి, పదేళ్లు ఉంటేనే పెన్షన్‌కి అర్హత. మొత్తం సర్వీసు ఐదేళ్ల లోపే కనిపిస్తే, తీసేది 50 వేలు దాటినప్పుడు పన్ను కూడా కోస్తారు, అందుకే ముందు కలిపించుకోండి అంటున్నాను.

మీతోపాటు తీసేసిన సూపర్‌వైజర్లకి జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్‌ఐ కట్టి ఉంటే వాళ్లకి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన గురించి చెప్పండి. ఉద్యోగం పోయినవాళ్లకి సగటు దినసరి జీతంలో సగం, 90 రోజుల దాకా ఇచ్చే పథకం అది. అది ఇప్పుడు అమల్లో ఉందా, అర్హత ఉందా అన్నది ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసులో అడిగితే చెప్తారు.

పలమనేరు అన్న:

బెంగళూరు గురించి నేను చెప్తా, ఎందుకంటే 2008లో నేను అక్కడే ఉన్నాను. ఆ సెప్టెంబరు 15న లేమాన్ బ్రదర్స్ దివాలా తీసింది, అమెరికాలో ఎవరో ఇంటి అప్పు కట్టకపోతే మనకేంటి అనుకున్నారు అందరూ, కొన్ని నెలలకే మా సైటులో టవర్ క్రేను విప్పి లారీకి ఎక్కించారు. అద్దెకి తెచ్చిన క్రేను కదా, పని లేకపోతే రోజు అద్దె దండగ. మమ్మల్ని కూడా అట్లే పంపించేశారు. బెంగళూరులోనూ ఇళ్ల అమ్మకం మీద ఆధారపడ్డ పనికి పోతే ఇదే కథ, కాబట్టి ఊరు మారడం కంటే పని రకం మారడం ముఖ్యం, ఈ విషయంలో రేణిగుంట ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం.

బెంగళూరు పోతే నువ్వొక్కడివే పో. ఇల్లు ఎత్తేయొద్దు. అక్కడ పది నెలల అద్దె అడ్వాన్సు అడిగే ఇంటి ఓనర్లు ఉన్నారు, నీ భార్య ఉద్యోగం పోతుంది, పిల్లవాడి స్కూలు మధ్యలో మారుతుంది, పెరిగిన జీతం అంతా దానికే సరిపోతుంది. మాట్లాడేటప్పుడే సైటులో వసతి, మెస్ ఇస్తారా అని అడుగు, పెద్ద కాంట్రాక్టు కంపెనీలు ఇస్తాయి. పది రూపాయలు తక్కువ జీతమైనా వసతి ఉన్నదే నీకు లాభం. నెలకి రెండుసార్లు ఇంటికొచ్చే లీవు మాట్లాడుకో, చేరాక అడిగితే ఇవ్వరు.

మళ్లీ పిలుస్తారేమో అని ఆగడం గురించి. 2019లో మన రాష్ట్రంలో ఇసుక దొరక్క పనులు ఆగిపోయాయి గుర్తుందా, మేస్త్రీలు, కూలీలు ఎంత అల్లాడిపోయారో. అప్పుడు ఇసుక వస్తే పని మొదలవుతుందని అందరికీ తెలుసు, ఆగడానికి ఒక అర్థం ఉంది. ఇప్పుడు ఇసుక ఉంది, సిమెంటు ఉంది, కొనేవాడు లేడు. వాడు ఎప్పుడొస్తాడో నీ పాత యజమానికీ తెలీదు, ఆయన నిన్ను మోసం చేయాలని ఆ మాట అని ఉండడు, కానీ ఆయన మాట నమ్ముకుని నువ్వు కూర్చుంటే నష్టం నీది.

నేను 2009లో వెనక్కొచ్చి ఏం చేశానో చెప్తా. కొత్త ఫ్లాటు కొనడానికి భయపడేవాళ్లు ఉన్న ఇంటిని బాగుచేసుకుంటారు. మిద్దె కారుతుంది, బాత్‌రూమ్ గోడ చెమ్మ పడుతుంది, పెళ్లీడుకొచ్చిన కొడుకు కోసం పైన ఒక గది వేయాలి. ఇవి ఆగే పనులు కావు. ఇంటి ఓనర్లకి ఉన్న బాధ ఏంటంటే మేస్త్రీ నోటిమాటగా ఒక అంకె చెప్తాడు, సగం పని అయ్యాక ఇంకో అంకె చెప్తాడు. నేను వెళ్లి మిద్దె కొలిచి, పాత సున్నం తీయడానికి ఎన్ని కూలీలు, బ్రిక్ బ్యాట్ కోబాకి (నీళ్లు దిగకుండా మిద్దె మీద వేసే ఇటుక ముక్కల పొర) ఎన్ని బస్తాలు, వాలు ఏ వైపు, నీళ్లు పోయే గొట్టం ఎక్కడ, అన్నీ ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చేవాణ్ణి. పని అయ్యాక మిద్దె మీద నీళ్లు కట్టి, రెండు మూడు రోజులు నిలబెట్టి, కింద సీలింగు చూపించి అప్పుడు మిగతా డబ్బు తీసుకునేవాణ్ణి. ఒక వీధిలో ఒక ఇల్లు బాగా చేస్తే ఆ వీధిలోనే ఇంకో రెండు దొరికాయి. తిరుపతిలో పాత ఇళ్లకి కొదవ లేదు. ఉద్యోగం దొరికేదాకా వారానికి ఒక పని చేసినా ఇంట్లో ధైర్యం ఉంటుంది, నీకూ చేతిలో పని ఉంటుంది. అయితే సొంత డబ్బు పెట్టి సామాను కొనొద్దు, సామాను ఓనరే కొనాలి, నీకు పని చూసినందుకు ఫీజు. గోల్డ్ లోను ఉన్నవాడివి, అప్పు మీద అప్పు చేయకు.

ఇంకొకటి, పిల్లల మీద అరుస్తున్నానని రాశావు. పెద్దవాడిని కూర్చోబెట్టి నాన్నకి ఉద్యోగం పోయింది, వెతుకుతున్నాను అని చెప్పు. ఆరో తరగతి పిల్లవాడికి అర్థమవుతుంది. చెప్పకపోతే నాన్నకి నామీదే కోపం అనుకుంటాడు, అది వాడి మనసులో చాలాకాలం ఉండిపోతుంది.

తడ రోడ్డు:

శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో ఫెసిలిటీస్ విభాగంలో చేస్తున్నాను, నేనూ సివిలే. డైకిన్, ఇసుజు, కోబెల్కో, ఆల్‌స్టామ్, మాండెలెజ్ లాంటివి ఇక్కడ ఉన్నాయి, ప్రొడక్షన్ లైన్లో మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లనే అడుగుతారు, ఐటీఐ పిల్లల్ని ఎక్కువ తీసుకుంటారు. సివిల్ వాళ్లకి రెండు దారులు. ఒకటి కొత్త షెడ్డు కడుతున్న కాంట్రాక్టరు దగ్గర, అంటే ప్రీ ఇంజినీర్డ్ స్టీలు బిల్డింగులు, అక్కడ నువ్వు చూసేది పునాదులు, యాంకర్ బోల్టులు, ఫ్లోరింగు. అపార్ట్‌మెంటులో కాలమ్ రెండు సెంటీమీటర్లు జరిగితే ప్లాస్టరింగులో కప్పేస్తారు, ఇక్కడ యాంకర్ బోల్టు కొన్ని మిల్లీమీటర్లు జరిగినా పైన స్టీలు కాలమ్ కూర్చోదు. ఆటో లెవల్, టోటల్ స్టేషన్ లాంటి సర్వే పరికరాలు బాగా వస్తే ఆ మాట గట్టిగా చెప్పు, అదే నీకు ఉద్యోగం ఇప్పిస్తుంది. రెండోది ఫ్యాక్టరీ నడవడం మొదలయ్యాక మెయింటెనెన్సు, డ్రైన్లు, ఫ్లోరు రిపేర్లు, షెడ్డు లీకులు. రెండోదాంట్లో జీతం మొదట తక్కువ, ఎక్కువమందిని ఏజెన్సీ కిందే తీసుకుంటారు, కానీ నెల తిరిగేసరికి జీతం పడుతుంది. ఏజెన్సీ అయితే మొదటి నెలలోనే పీఎఫ్ జమ అయిందో లేదో చూసుకో. తిరుపతి నుంచి రోజూ తిరగడం వారం బాగానే ఉంటుంది, తర్వాత ఒళ్లు హూనమవుతుంది, ఇక్కడే గది చూసుకో.

కొర్లగుంట అక్క:

తమ్ముడూ, ఒక హెచ్చరిక మాత్రం చెప్పి పోతా. ఉద్యోగం పోయిందని తెలిస్తే చాలు, టీటీడీలో ఇంజినీరింగ్ విభాగంలో పెట్టిస్తాం, ఇన్ని లక్షలు ఇవ్వు అని ఎవడో ఒకడు వస్తాడు. మన ఊళ్లో ఇది ఎప్పుడూ ఉన్నదే, టీటీడీ వాళ్లే ఎన్నోసార్లు నమ్మొద్దని ప్రకటనలు ఇచ్చారు. మా బంధువుల అబ్బాయి అట్లా పొలం అమ్మి ఇచ్చాడు, ఆ డబ్బు తిరిగి రాలేదు, ఆ ఇల్లు ఇంకా కోలుకోలేదు. కువైట్, దుబాయ్ అన్నా సరే, ఏజెంటు ఈమైగ్రేట్ వెబ్‌సైటులో రిజిస్టర్ అయి ఉన్నాడా చూడు, అలాంటి ఏజెంటు సర్వీసు చార్జీగా రూ.30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. విజిటింగ్ వీసా మీద పోయి అక్కడ మార్చుకోవచ్చు అన్నవాడి మాట వినొద్దు. ఇంటర్వ్యూకి డబ్బు అడిగే కన్సల్టెన్సీ ఏదైనా సరే, లేచి వచ్చేయ్.

పాకాల సివిల్:

అందరికీ చేతులెత్తి దండం. చిత్తూరు నుంచి రాసినవారూ, మీరు చెప్పినట్టే పీఎఫ్ పాస్‌బుక్ చూశాను, చివరి నాలుగు నెలలు జమ కాలేదు, జీతంలో మాత్రం కోశారు. ఫిర్యాదు పెట్టాను, స్లిప్పులు జత చేశాను. గ్రాట్యుటీ నాకు వస్తుందనే ఇన్నాళ్లు తెలీదు, ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టు చేశాను. పలమనేరు అన్నా, పెద్దవాడితో మాట్లాడాను, వాడు "అయితే ట్యూషన్ మానేస్తా నాన్నా" అన్నాడు, వద్దన్నాను.

రెడీమిక్స్ ప్లాంటులో మా డిస్పాచ్ కుర్రాడు నిజంగానే అంతా చెప్పాడు. ఏర్పేడు వైపు ఒక హాస్టలు బిల్డింగుకి రోజూ కాంక్రీటు పోతోందట, ఆ కాంట్రాక్టరు క్యాంపుకి వెళ్లాను. ప్రాజెక్టు మేనేజరు బాగానే మాట్లాడారు, అయితే సైటు మీద నిలబడేవాళ్లు ఉన్నారు, బిల్లింగ్ తెలిసినవాడు కావాలి, రన్నింగ్ బిల్లు చేయగలవా అని అడిగారు. మా దగ్గర మేస్త్రీకి చదరానికి ఇంత అని లెక్క కట్టి ఇచ్చేయడమే, ఎం-బుక్ (కొలతల పుస్తకం) రాసే అవసరం ఎప్పుడూ రాలేదు. సోమవారం మళ్లీ రమ్మన్నారు. రేణిగుంట అన్నా, ఈ నాలుగు రోజుల్లో నేను ఏం చూసుకోవాలి?

రేణిగుంట బిల్లింగ్:

సోమవారం అంటే టైము చాలు. ఎం-బుక్‌కి భయపడకు, కొలత రాయడమే అది. పొడవు, వెడల్పు, ఎత్తు, ఎన్ని, ఒక్కోదానికి ఒక్కో గడి, ఏ అంతస్తు ఏ గ్రిడ్ అన్నది పక్కన. మీ చదరం లెక్కలో కిటికీలు, తలుపులు చూసీచూడనట్టు పోతాయి, ఇక్కడ పోవు. ఏది మినహాయించాలి, ఏది వద్దు అన్నది కొలతల ప్రమాణం ఐఎస్ 1200లో ఉంటుంది, ముఖ్యంగా ప్లాస్టరింగులో అర చదరపు మీటరు లోపు ఓపెనింగుకి మినహాయింపు లేదు, ఇటుక పనిలో ఆ పరిమితి 0.1 చదరపు మీటరే. ఈ రెండూ కచ్చితంగా అడుగుతారు. కాంక్రీటు క్యూబిక్ మీటర్లలో, స్టీలు టన్నుల్లో, సెంట్రింగు చదరపు మీటర్లలో. కమ్మీ బరువు మీటరుకి ఎంత అంటే వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 162తో భాగించు, 12 ఎంఎం అయితే 0.89 కిలో దగ్గర, 16 ఎంఎం అయితే 1.58. అడగగానే నోటికి రావాలి.

రన్నింగ్ బిల్లు అంటే మొదటి నుంచి ఈ రోజు దాకా అయిన మొత్తం పని రాసి, అందులోంచి పోయిన బిల్లు దాకా ఇచ్చినది తీసేయడం. కొత్తవాళ్లు ఈ నెల పని ఒక్కటే రాసి అక్కడే తప్పు చేస్తారు. తర్వాత రిటెన్షను (హామీగా ఆపి ఉంచే డబ్బు), పన్నులు, అడ్వాన్సు రికవరీ కోతలు. ఎక్సెల్‌లో ఒక నమూనా చేసి నీ నంబరుకి పంపిస్తాను, అందులో ఖాళీలు నువ్వే నింపి ఆదివారం పొద్దున రేణిగుంటకి రా, కూర్చుని చూద్దాం.

నీ పాత సైటు డ్రాయింగులు పట్టుకుపోవద్దు, అవి కంపెనీవి, కొత్తవాళ్లకి కూడా అది నచ్చదు. నీ సొంతంగా ఒక ఫుటింగు (పునాది), ఒక కాలమ్, ఒక బీము డ్రాయింగు గీసుకుని, దానికి బార్ బెండింగ్ షెడ్యూలు (ఏ కమ్మీ ఎంత పొడవు, ఎన్ని అన్న పట్టిక) నీ చేత్తో వేసి తీసుకుపో. జీతం అడిగితే పాత జీతం చెప్పి అక్కడ ఆగు, తగ్గించి నువ్వే మొదలుపెట్టకు. బిల్లింగు నేర్చుకుంటూ చేస్తాను, సైటు మీద క్వాంటిటీలు నాకు కొట్టినపిండి అని చెప్పు.